ఎర్ర ఆకు, గోధుమ నాచు: ఆకుపచ్చ కనిపించని చోట ఆహారం ఎలా తయారవుతుంది?

క్లుప్తంగా

ఎర్రగా, ఊదాగా, గోధుమ రంగులో కనిపించే మొక్కల్లోనూ నాచుల్లోనూ దాదాపు అన్నింటా పత్రహరితం ఉంటుంది. దాన్ని కప్పి ఉన్న రంగులన్నీ ఒకే పని చేయవు. ఆంథోసయనిన్, బీటాలైన్ వంటివి నీడ పడతాయే తప్ప ఆహార తయారీలో పాలుపంచుకోవు. ఫైకోఎరిత్రిన్, ఫ్యూకోజాంథిన్ వంటివి వెలుగును పట్టి పత్రహరితానికి అందిస్తాయి. కంటికి కనిపించే రంగును బట్టి నిర్ణయానికి రాకుండా, ఆ రంగు కణంలో ఎక్కడ ఉంది, పట్టిన వెలుగును ఎవరికి ఇస్తోంది అని అడిగితే చిక్కు చాలావరకు విడిపోతుంది.

తోటకూర ఉడికిన నీళ్లు

ఎర్ర తోటకూరను కడిగి మరిగే నీళ్లలో వేసి 5 నిమిషాలు ఉంచితే నీళ్లు ముందు గులాబీ రంగుకు, ఆపై ముదురు ఎరుపుకు తిరుగుతాయి. ఆకును చిల్లుల గరిటెతో పైకి తీసి చూస్తే ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆ ఆకుపచ్చ ఉడకడం వల్ల పుట్టింది కాదు. మొదటి నుంచీ ఆకులోనే ఉంది. ఎరుపు కప్పేయడంతో కంటికి ఆనలేదు, అంతే.

రెండు రంగులూ కణంలో వేర్వేరు చోట్ల ఉంటాయి. ఎరుపు నీటిలో కరిగే పదార్థం. కణం మధ్యలో పెద్ద నీటి సంచిలా ఉండే రిక్తికలో నిండి ఉంటుంది. పత్రహరితం నీటిలో కరగదు. హరితరేణువుల లోపలి థైలకాయిడ్ పొరల్లో మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. వేడికి రిక్తిక పొర చిట్లగానే ఎరుపు నీళ్లలోకి జారిపోతుంది, పత్రహరితం ఆకులోనే నిలుస్తుంది.

గోంగూర విషయంలో జరిగేది వేరు. ఎర్ర గోంగూర కాడలో ఉన్నది ఆంథోసయనిన్. అది కొంత నీళ్లలోకి పోతుంది. ఆకు మాత్రం ఉడికేకొద్దీ పచ్చదనం పోగొట్టుకుని మట్టి రంగుకు దిగుతుంది. గోంగూరలోని పులుపే అందుకు కారణం. పత్రహరితం అణువు నడిమధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఆమ్లంలో ఉడికినప్పుడు ఆ మెగ్నీషియం బయటికి పోయి, దాని చోటులో హైడ్రోజన్ చేరుతుంది. అలా మిగిలే ఫియోఫైటిన్ రంగు ఆలివ్-గోధుమ. పులుపు లేని తోటకూర అంత తొందరగా రంగు మారకపోవడానికీ ఇదే కారణం.

పత్రహరితం పట్టేది, వదిలేది

ఆక్సిజన్‌ను వెలువరించే కిరణజన్య సంయోగక్రియ ఎక్కడ జరిగినా, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, చివరి పని చేసేది పత్రహరితం-ఏ. మర్రిచెట్టులోనూ, సముద్రపు అడుగున ఉన్న ఎర్ర నాచులోనూ, చెరువు నీటిలోని డయాటమ్ అనే ఏకకణ నాచులోనూ అదే ఉంటుంది. వెలుగు శక్తితో ఎలక్ట్రాన్‌ను విడగొట్టి, నీటి అణువును చీల్చే వరుసను మొదలుపెట్టేది ఇదే.

పత్రహరితం-ఏ ప్రధానంగా రెండు చోట్ల వెలుగును పీల్చుకుంటుంది: 430 నానోమీటర్ల దగ్గర నీలి-ఊదా కాంతిని, 660 నానోమీటర్ల దగ్గర ఎర్ర కాంతిని. భూమి మీది మొక్కల్లో తోడుగా ఉండే పత్రహరితం-బీ ఈ రెండు శిఖరాలను కాస్త లోపలికి, అంటే 450, 640 నానోమీటర్ల వైపు, విస్తరిస్తుంది. 500 నుంచి 600 మధ్య ఉన్న ఆకుపచ్చ, పసుపు భాగాన్ని రెండూ తక్కువగానే పట్టుకుంటాయి. అక్కడ మిగిలిపోయిన వెలుగే మన కంటికి ఆకు రంగుగా చేరుతుంది.

ఇక్కడ చాలా పాఠాల్లో ఒక పొరపాటు దొర్లుతుంది: ఆకుపచ్చ వెలుగు మొక్కకు అసలు పనికిరాదని రాసేస్తారు. ద్రావణంలో కరిగించిన పత్రహరితానికి వర్తించే మాటను మొత్తం ఆకుకు అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటిది. ఆకులోకి వెళ్లిన ఆకుపచ్చ కిరణం కణం నుంచి కణానికి తగిలి చెదురుతూ తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా కొంత కొంత పీల్చబడుతుంది. ఆకు మందాన్ని బట్టి సగం నుంచి 80–90 శాతం దాకా ఆకుపచ్చ వెలుగు చివరికి లోపలే ఖర్చవుతుంది. పైపొరల్లోనే ఆగిపోయే ఎరుపు, నీలం కన్నా ఇది ఆకు అడుగు భాగానికి బాగా చేరుతుంది కూడా.

నేల మీద వెలుగుకు కొదవ లేదు కాబట్టి ఈ పద్ధతి చెల్లుబాటవుతుంది. నీటిలో చెల్లదు. ఆ సంగతికి వచ్చేముందు నేల మీది ఎర్ర ఆకుల లెక్క తేల్చాలి.

నీడ పట్టే రంగులు

లేత మామిడి చిగురు రాగి రంగులో వేలాడుతుంది. రెండు మూడు వారాలకు ఆకుపచ్చకు తిరుగుతుంది. నాటు బాదం ఆకు దీనికి తలకిందులు: బతికినన్నాళ్లూ ఆకుపచ్చగా ఉండి రాలబోయే ముందు ఎర్రబడుతుంది. రెండింటిలోనూ రంగు ఆంథోసయనిన్‌దే. కృష్ణ తులసి ఊదా, ఎర్ర క్యాబేజీ, నల్ల బియ్యం పైపొర కూడా ఇదే కుటుంబం.

ఆంథోసయనిన్ ఎక్కువగా పీల్చేది 500–550 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని. పీల్చిన శక్తిని పత్రహరితానికి అందించదు. అందించే దారి లేదు. అది ఉన్నది రిక్తికలో, పత్రహరితం ఉన్నది వేరే గదిలో. శక్తి ఒక వర్ణకం నుంచి మరొకదానికి దూకాలంటే వాటి మధ్య దూరం కొద్ది నానోమీటర్లకు మించకూడదు. ఇక్కడ ఎడం అంతకన్నా ఎంతో ఎక్కువ. కాబట్టి ఆంథోసయనిన్ పట్టిన వెలుగు వేడిగా మారి పోతుంది. ఒకే జాతిలో ఎర్ర ఆకును, ఆకుపచ్చ ఆకును మసక వెలుతురులో పక్కపక్కన పెట్టి కొలిస్తే ఎర్ర ఆకు కాస్త వెనకబడటానికి కారణం ఇదే.

మరి మొక్క ఈ నష్టాన్ని ఎందుకు భరిస్తోంది? లేత చిగురులో హరితరేణువుల నిర్మాణం ఇంకా పూర్తికాదు. అప్పుడు ఎండ పూర్తిగా తగిలితే, ఖర్చు పెట్టుకోలేని శక్తి ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి కణ పొరలను దెబ్బతీసే రూపాలుగా మారుస్తుంది. ఆంథోసయనిన్ ఆ తాకిడిని తగ్గించే తెర. ముదురు ఆకులోనూ అంతే: రాలే ముందు చెట్టు ఆకులోని నత్రజనిని వెనక్కి లాక్కుంటుంది, ఆ కొద్ది రోజులూ కూలిపోతున్న యంత్రాంగానికి నీడ కావాలి. పురుగులకు ఎర్ర ఆకు రుచించదని, లేదా కనిపించదని మరో వాదన ఉంది. రెండు వాదాలకూ ఆధారాలు ఉన్నాయి. జాతిని బట్టి ఏది బలమైనదో మారుతుంది.

తోటకూర, బీట్‌రూట్, బోగన్‌విలియా, గోరింటపూల వంటివన్నీ చూడటానికి ఒకేలా ఎర్రగా ఉన్నా రసాయనం ఒకటి కాదు. తోటకూర, బీట్‌రూట్, బోగన్‌విలియా బీటాలైన్ జట్టు. గోరింటపూలు ఆంథోసయనిన్ జట్టు. బీటాలైన్‌లో నత్రజని ఉంటుంది, ఆంథోసయనిన్‌లో ఉండదు. ఒకే మొక్కలో ఈ రెండూ కలిసి ఇంతవరకు కనబడలేదు. గుర్తుపట్టడం సులభం: రంగు నీళ్లలో చిటికెడు వంట సోడా వేస్తే ఆంథోసయనిన్ నీలం, ఆకుపచ్చల వైపు తిరుగుతుంది, నిమ్మరసం పిండితే ఎరుపెక్కుతుంది. బీటాలైన్ పులుపుకు గానీ తటస్థ నీటికి గానీ అంతగా చలించదు. తోటకూర గురించి ఇంకొక మాట చెప్పాలి. అది సీ-4 మొక్క, అంటే మొక్కజొన్న, జొన్నల మాదిరిగా కార్బన్ డయాక్సైడ్‌ను గాఢపరచి వాడుకుంటుంది. ఎర్ర తెర ఉన్నా మన ఎండల్లో అంత వేగంగా ఎదగగలగడానికి ఇది పెద్ద అండ.

పశువుల మేత కోసం అజొల్లా (నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క) పెంచేవారికి ఈ తెర ఒక హెచ్చరిక కూడా. మడిలో ఆకుపచ్చగా పరుచుకున్న అజొల్లా వేసవిలో ఇటుక ఎరుపుకు తిరిగితే తెగులు సోకిందని చాలామంది పారబోస్తారు. చాలాసార్లు అది తెగులు కాదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటి, ఎండ నేరుగా పడి, నీటిలో భాస్వరం తగ్గినప్పుడు ఎదుగుదల ఆగుతుంది. వెలుగు మాత్రం ఆగదు. ఖర్చుకాని వెలుగుకు అడ్డంగా మొక్క ఎర్ర వర్ణకాన్ని తయారు చేసుకుంటుంది. మడి మీద 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టడం, కిక్కిరిసిన అజొల్లాలో సగం తీసేయడం, నీటి లోతు 10 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడటం, కొద్దిగా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నీటిలో కలిపి వేయడం చేస్తే కొత్తగా వచ్చే ఆకులు ఆకుపచ్చగా వస్తాయి. పాత ఎర్ర ఆకు తిరిగి పచ్చబడాలని ఎదురుచూడటం దండగ. ఎరుపుతో పాటు ఆకు ముద్దగా కుళ్లుతుంటే, వాసన వస్తుంటే మాత్రం అది నీడతో తీరే సమస్య కాదు, నీరు మార్చాలి.

నీటిలో వెలుగు లెక్క వేరు

నీరు రంగులేనిదని అనుకుంటాం గానీ ఎర్ర కాంతిని గట్టిగానే మింగుతుంది. మలినాలు లేని నీటిలో 650 నానోమీటర్ల కిరణం ఒక మీటరు దాటేసరికి దాదాపు 30 శాతం తరుగుతుంది. 10 మీటర్లకు చేరేసరికి మిగిలేది 3 శాతం. పత్రహరితానికి ఇష్టమైన రెండు భాగాల్లో ఒకటి అక్కడితో పోయినట్టే. స్వచ్ఛమైన నడి సముద్రంలో లోతుకు దిగేది నీలం. నదుల మట్టి, కుళ్లిన ఆకుల కషాయం కలిసే తీరప్రాంతంలో నీలం కూడా మింగబడి, మిగిలేది ఆకుపచ్చ. పత్రహరితం సరిగా పట్టుకోలేని రంగే అక్కడ దొరికే ఆహారం.

ఎర్ర నాచుల దగ్గర దీనికి విరుగుడు ఉంది. థైలకాయిడ్ పొర వెలుపలి ముఖాన వాటికి ఫైకోబిలిసోమ్ అనే గుత్తులు అతుక్కుని ఉంటాయి. గుత్తి కొసన ఫైకోఎరిత్రిన్. ఇది 495 నుంచి 570 నానోమీటర్ల దాకా ఆకుపచ్చ కాంతిని పడుతుంది. దాని లోపల ఫైకోసయనిన్, 620 దగ్గర. మొదట్లో, పొరకు ఆనుకుని, ఆలోఫైకోసయనిన్, 650 దగ్గర. ఆ కింద పత్రహరితం-ఏ, 680 దగ్గర. ఎక్కువ శక్తి ఉన్న చోటి నుంచి తక్కువ శక్తి ఉన్న చోటికి, కాలువ పల్లానికి పారినట్టు, పట్టిన వెలుగు మెట్టు మెట్టుగా దిగుతుంది. ఈ ప్రయాణమంతా సెకనులో వందల కోట్లవ వంతు కాలంలో ముగుస్తుంది. దారిలో పోయేది 5 శాతం లోపే. ఆంథోసయనిన్‌కూ ఫైకోఎరిత్రిన్‌కూ రంగు దగ్గరదగ్గరగా ఒకటే. ఒకటి గోడ అవతల ఉంది, మరొకటి గుమ్మంలోనే ఉంది. తేడా అంతా అదే.

గోధుమ నాచుల పద్ధతి మరోలా ఉంటుంది. విశాఖ తీరంలో రాళ్లకు పట్టుకుని పెరిగే సర్గాసమ్, చెరువుల్లోని డయాటమ్‌లు ఈ కోవవి. వీటిలో ఫ్యూకోజాంథిన్ అనే కెరోటినాయిడ్ పత్రహరితం-ఏ, పత్రహరితం-సీలతో కలిసి ఒకే మాంసకృత్తులో బిగించి ఉంటుంది. విడిగా తీసిన ఫ్యూకోజాంథిన్ 450 నానోమీటర్ల చుట్టుపక్కల నీలాన్నే పడుతుంది. మాంసకృత్తులో కూర్చున్నప్పుడు మాత్రం దాని పట్టు 540 దాకా, ఆకుపచ్చలోకి, సాగుతుంది. ఆకుపచ్చను తినేయడంతో మిగిలిన పసుపు, ఎరుపు కలిసి మనకు గోధుమగా కనబడతాయి. ఈ బిగింపు ఎంత సున్నితమో తెలియాలంటే గోధుమ నాచు ముక్కను మరిగే నీళ్లలో ముంచి చూడాలి. క్షణాల్లో అది చక్కటి ఆకుపచ్చకు మారుతుంది. మాంసకృత్తు విప్పుకోవడంతో ఫ్యూకోజాంథిన్ పట్టు జారి నీలానికే పరిమితమైంది. ఆకుపచ్చ కాంతి మళ్లీ బయటికొచ్చింది. జపాన్ వంటల్లో వాడే నోరి అనే ఎర్ర నాచు కాల్చినప్పుడు ఆకుపచ్చగా మారేదీ ఇలాగే, ఫైకోఎరిత్రిన్ వేడికి చెడిపోయి పత్రహరితం మిగలడం వల్ల.

లోతును బట్టి రంగు అన్న పాత సూత్రం

జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్‌మన్ 1880ల్లో నాచు పోగు మీద గాజు పట్టకంతో ఇంద్రధనుస్సును పరచి, ఆక్సిజన్ వైపు ఈదే బ్యాక్టీరియా ఏ రంగు దగ్గర గుమిగూడతాయో చూశాడు. ఆకుపచ్చ నాచు మీద ఎరుపు, నీలం దగ్గర గుంపులు కట్టాయి. ఎర్ర నాచు మీద ఆకుపచ్చ భాగం దగ్గర. దాని నుంచి ఆయన ఒక సూత్రం తీశాడు: ఒడ్డున ఆకుపచ్చ నాచులు, నడుమ గోధుమ, లోతుల్లో ఎరుపు. వందేళ్లు పాఠ్యపుస్తకాల్లో ఇదే నిలిచింది.

వర్ణకాల గురించి ఆయన చెప్పింది సరైనదే. లోతు గురించి చెప్పింది మాత్రం పూర్తిగా నిలబడలేదు. ఆకుపచ్చ నాచులు కూడా చాలా లోతుల్లో దొరికాయి. ఆటుపోట్ల రాళ్ల మీద నడినెత్తిన ఎండలో ఎర్ర నాచులూ పెరుగుతాయి. మందంగా ఉండి, వర్ణకం దట్టించిన ఏ నాచైనా దాదాపు అన్ని రంగులనూ మింగేయగలదు, కాబట్టి ఏ వర్ణకం ఉంది అన్నదానితో పాటు ఎంత ఉంది, దేహం ఎంత మందం అన్నవీ లెక్కలోకి వస్తాయి. మేసే జీవులు, అలల దెబ్బ, ఖర్చు తగ్గించుకునే శక్తి కూడా నిర్ణయిస్తాయి. 1984లో బహామాస్ దీవుల దగ్గర జలాంతర వాహనంలో దిగినవారు 268 మీటర్ల లోతున రాతికి పెచ్చులా అంటుకున్న ఎర్ర నాచును చూశారు. అక్కడికి చేరే వెలుగు ఉపరితలం మీది వెలుగులో 0.0005 శాతం. అంత లోతున బతికింది ఎర్రదే కావడం ఎంగెల్‌మన్ సూత్రానికి అండగా కనిపిస్తుంది గానీ, ఆ నాచు ఎంత నెమ్మదిగా పెరుగుతుంది, ఎంత తక్కువ ఖర్చుతో బతుకుతుంది అన్నవి కూడా అంతే ముఖ్యం.

కొన్ని నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియా అయితే దొరికే వెలుగును బట్టి రంగే మార్చుకుంటాయి. ఫ్రెమియెల్లా అనే పోగు జాతిని ఆకుపచ్చ వెలుగులో పెంచితే ఫైకోఎరిత్రిన్ తయారు చేసుకుని ఎర్ర-గోధుమగా మారుతుంది. ఎర్ర వెలుగుకు మార్చితే కొద్ది రోజుల్లో ఫైకోసయనిన్ పెంచుకుని నీలి-ఆకుపచ్చ అవుతుంది. అదే జీవి, అవే జన్యువులు.

ఉప్పు మళ్ల గులాబీ, రొయ్య ఎరుపు

కొన్ని ఆకుపచ్చ నాచులే ఎర్రగా కనిపిస్తాయి. నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పు మళ్లలో నీరు చిక్కబడేకొద్దీ గులాబీ, నారింజ ఛాయలు రావడంలో డునాలియెల్లా సలైనా అనే నాచు పాత్ర ఉంటుంది. జాతి ప్రకారం ఇది ఆకుపచ్చ నాచు. ఉప్పు పెరిగి, ఎండ మండి, నత్రజని తగ్గినప్పుడు హరితరేణువులో నూనె బొట్ల రూపంలో బీటా-కెరోటిన్ పోగేస్తుంది; అది ఎండు బరువులో 10 శాతం దాకా చేరగలదు. ఈ బొట్లలోని కెరోటిన్ పత్రహరితానికి వెలుగు అందించదు, నీలి కాంతిని అడ్డుకుంటుంది. అంటే కెరోటినాయిడ్ అన్నంత మాత్రాన సహాయకారి అని చెప్పలేం. ఫ్యూకోజాంథిన్ లాగా పొరలో పత్రహరితం పక్కన ఉంటే సహాయకారి. బొట్టులో విడిగా ఉంటే గొడుగు.

అదే మడిలో ఉప్పు గడ్డకట్టే దశకు వస్తే డునాలియెల్లా తగ్గి, హాలోఆర్కియా అనే ఉప్పు ప్రియ సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీరు ఇంకా ఎర్రబడుతుంది. ఇవి మొక్కలు కావు, నాచులూ కావు. వీటిలో కొన్నింటికి బ్యాక్టీరియోరోడాప్సిన్ అనే ఊదా వర్ణకం ఉండి వెలుగుతో కొంత శక్తి సంపాదిస్తాయి, కానీ కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చవు, ఆక్సిజన్ ఇవ్వవు. మహారాష్ట్రలోని లోనార్ సరస్సు 2020 జూన్‌లో గులాబీ రంగుకు మారినప్పుడు పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ పరీక్షల్లో తేలింది హాలోఆర్కియానే. నీరు తగ్గి ఉప్పు పెరగడంతో అవి విజృంభించాయి.

కేరళలో 2001లో కురిసిన ఎర్ర వాన వెనకా ఇలాంటి ఆకుపచ్చ నాచే ఉంది. ఆకాశం నుంచి ఏదో దిగిందన్న ఊహలు చాలా వ్యాపించాయి. నీటిని పరీక్షించిన సంస్థలు అందులోని కణాలు ట్రెంటెపోలియా అనే నాచు సిద్ధబీజాలని తేల్చాయి. తడి గోడలు, చెట్ల బెరడుల మీద తుప్పు పట్టినట్టు నారింజ రంగు మఖమల్‌లా పరుచుకునేది ఇదే. దాని రంగు కూడా నూనె బొట్లలోని కెరోటినాయిడ్లదే.

ఈ వర్ణకాల దారి వంటింటి దాకా వస్తుంది. రొయ్య తనకు తానుగా కెరోటినాయిడ్‌ను మొదటి నుంచి తయారు చేసుకోలేదు. నాచుల నుంచి, మేత నుంచి తీసుకుని ఆస్టాజాంథిన్‌గా మార్చుకుంటుంది. పచ్చి రొయ్య పెంకులో అది ఒక మాంసకృత్తుకు బిగించి ఉండటంతో నీలి-బూడిద రంగులో ఉంటుంది. వేడికి మాంసకృత్తు విప్పుకోగానే ఆస్టాజాంథిన్ తన సొంత ఎరుపులో బయటపడుతుంది. గోధుమ నాచు వేడినీళ్లలో ఆకుపచ్చబడటం, రొయ్య మూకుడులో ఎర్రబడటం ఒకే రకం ఘటనలు.

చెరువు నీటి రంగును చదవడం

భీమవరం, కైకలూరు ప్రాంతాల చేపల, రొయ్యల రైతులు నీటి రంగును రోజూ చూస్తారు. ఆ రంగు వెనక ఉన్నది ఏ వర్ణకమో తెలిస్తే తప్పుడు మందులు తగ్గుతాయి.

లేత గోధుమ, టీ రంగు నీరు చాలావరకు డయాటమ్‌లది, అంటే ఫ్యూకోజాంథిన్‌ది. రొయ్య పిల్లలకు మంచి మేత. డయాటమ్ పెంకు సిలికాతో కట్టింది. నీటిలో సిలికా తరిగిపోతే గుంపు ఒక్కసారిగా కూలి, ఆ చోటును ఆకుపచ్చ నాచులు, తర్వాత నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియా ఆక్రమిస్తాయి. పెయింట్ పోసినట్టు చిక్కటి ఆకుపచ్చ తెట్టు నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియాకు గుర్తు. వీటిలో కొన్ని విషాలు వదులుతాయి. చేప మాంసానికి మట్టి వాసన పట్టించేవీ ఉన్నాయి.

ఎక్కువ గందరగోళం ఎర్ర తెట్టు దగ్గరే. ఉదయం ఆకుపచ్చగా ఉన్న తెట్టు ఎండెక్కేసరికి ఇటుక ఎరుపుకు మారి, సాయంత్రానికి మళ్లీ ఆకుపచ్చగా కనిపిస్తే అది యూగ్లీనా సాంగ్వినియా. దాని కణంలో ఎర్ర కెరోటినాయిడ్ బొట్లు ఉంటాయి. ఎండ తీవ్రమైతే అవి కణం అంచులకు జరిగి హరితరేణువులను కప్పుతాయి, ఎండ తగ్గితే మధ్యకు చేరతాయి. రోజులో రెండుసార్లు రంగు మారడమే దీని ఆనవాలు. పేడ, కోళ్ల ఎరువు, మిగిలిపోయిన మేత ఎక్కువైన చెరువుల్లో ఇది బలుస్తుంది. కొన్ని యూగ్లీనా రకాలు చేపలకు హానిచేసే విషాన్నీ విడుదల చేస్తాయి. తెట్టు నీటిని కప్పేయడంతో కింది పొరకు వెలుగు అందదు, పగలు అక్కడ ఆక్సిజన్ తయారుకాదు, రాత్రి శ్వాస మాత్రం ఆగదు. తెల్లవారుజామున 4–6 గంటల మధ్య చేపలు పైకి వచ్చి గుటకలు వేయడం దాని ఫలితం.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లితే తెట్టు పోతుంది, నిజమే. కానీ నాచు మొత్తం ఒకేసారి చచ్చి కుళ్లుతుంది. కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి. మందు వేసిన మర్నాడో, మూడోనాడో చేపలు తేలడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. క్షారత తక్కువ ఉన్న నీటిలో రాగి నేరుగా చేపలకే విషమవుతుంది. గాలి వాలు గట్టు వైపు పేరుకున్న తెట్టును సన్నటి గుడ్డతోనో దగ్గరి కన్ను వలతోనో ఉదయాన్నే లాగేయడం, కొద్ది రోజులు ఎరువు ఆపి మేత తగ్గించడం, రాత్రంతా ఏరేటర్లు తిప్పడం నిదానమైన పద్ధతే గానీ ప్రమాదం లేనిది. నీటిలోకి దించి పారదర్శకత కొలిచే పళ్లెం, సెచ్చి డిస్క్, 30–45 సెంటీమీటర్ల లోతు మధ్య కనుమరుగైతే నాచు పెరుగుదల (బ్లూమ్) హద్దులో ఉన్నట్టు; 20 కన్నా తగ్గితే రంగు ఏదైనా రాత్రి ఆక్సిజన్ కొలవాల్సిందే.

తరగతి గదిలో తేల్చుకునే పద్ధతి

ఎర్ర ఆకులో పత్రహరితం ఉందో లేదో వాదన అక్కర్లేదు, అరగంటలో తేలుతుంది. ముందు ఆకులను 3–5 నిమిషాలు వేడినీళ్లలో ఉంచి ఎరుపు వదిలించాలి. ఈ మెట్టు వదిలేస్తే రంగులు కలిసిపోతాయి. తర్వాత నీళ్లు వత్తేసి, 5 గ్రాముల ఆకును చిటికెడు సుద్దపొడితో కలిపి నూరాలి. సుద్ద ఆకులోని ఆమ్లాన్ని విరిచి పత్రహరితం గోధుమ రంగుకు దిగకుండా కాపాడుతుంది. గోంగూరతో చేసి విఫలమయ్యేవారు సాధారణంగా మరచిపోయేది దీన్నే. 10 మిల్లీలీటర్ల అసిటోన్ పోసి వడగడితే ఆకుపచ్చ ద్రవం దిగుతుంది. వడపోత కాగితం పట్టీ కింది అంచుకు 2 సెంటీమీటర్ల పైన సన్నని గీతగా ఈ ద్రవాన్ని నాలుగైదుసార్లు, ప్రతిసారీ ఆరనిస్తూ, పెట్టాలి. పెట్రోలియం ఈథర్ 9 పాళ్లు, అసిటోన్ 1 పాలు కలిపిన ద్రవంలో పట్టీ కొసను మాత్రమే ముంచాలి. గీత మునిగితే రంగు అడుగున కరిగిపోయి ఏమీ ఎక్కదు. పైన నారింజ కెరోటిన్, కింద పసుపు జాంథోఫిల్లులు, ఆ కింద నీలి-ఆకుపచ్చ పత్రహరితం-ఏ, అట్టడుగున పసుపు-ఆకుపచ్చ పత్రహరితం-బీ విడిపోతాయి. ఈ ద్రవాలు తొందరగా అంటుకుంటాయి. దగ్గర్లో మంట ఉండకూడదు.

వడగట్టిన ఆకుపచ్చ ద్రవాన్ని చీకట్లో పెట్టి, నోట్లు తనిఖీ చేసే యూవీ టార్చి వేస్తే అది రక్తపు ఎరుపులో మెరుస్తుంది. పొరల నుంచి విడిపోయిన పత్రహరితం పట్టిన శక్తిని ఇచ్చేందుకు ఎవరూ లేక, కొంత భాగాన్ని ఎర్ర వెలుగుగా తిరిగి వదిలేస్తుంది.

పత్రహరితం నిజంగానే లేనివి

వరి కోసిన మాగాణుల్లో మినుము మీద పసుపు దారాల్లా అల్లుకునే బంగారు తీగకు వేరు లేదు, చెప్పుకోదగ్గ ఆకు లేదు. పత్రహరితం నామమాత్రం. పసుపు కెరోటినాయిడ్లది. మినుము కాండంలోకి పీల్చే కణజాలాన్ని దింపి చక్కెరలు లాగుతుంది. పొగాకు చేలల్లో నేలలోంచి పొడుచుకొచ్చే పొగాకు మల్లె (పూల మల్లె కాదు, ఒరబాంకి అనే పరాన్న మొక్క) ఇంకా ముందుకెళ్లింది: పత్రహరితం అసలే లేదు, పూర్తి భారం పొగాకు వేరు మీదే. దాని గింజ పొగాకు వేరు వదిలే రసాయనం తగిలితే తప్ప మొలవదు, అందాకా ఏళ్ల తరబడి నేలలో ఆగుతుంది. ఒక్క మొక్క లక్షకు పైగా గింజలు రాల్చగలదు కాబట్టి పూతకు ముందే పీకి పొలం బయట తగలబెట్టాలి. ఇవి రంగు మార్చుకున్న మొక్కలు కావు, వెలుగుతో పని మానుకున్న మొక్కలు.

దీనికి పూర్తిగా అవతలి కొసన, కంటికి కనిపించని వెలుగుతో బతికేవి ఉన్నాయి. కిరణజన్య సంయోగక్రియకు హద్దు 700 నానోమీటర్లని చాలాకాలం అనుకున్నారు. అకారియోక్లోరిస్ అనే బ్యాక్టీరియాలో పత్రహరితం-డీ ప్రధాన వర్ణకమని 1996లో, ఆస్ట్రేలియాలోని షార్క్ బే రాతి దిబ్బల నుంచి తెచ్చిన నమూనాల్లో పత్రహరితం-ఎఫ్ ఉందని 2010లో తేలింది. ఇతర జీవులు వాడుకోగా మిగిలిన 700–750 నానోమీటర్ల వెలుగే వీటి మేత.

ఆకాశం నుంచి చూసినప్పుడు

నీటి రంగును ఉపగ్రహాలూ చదువుతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల లభ్యత సూచనలు సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం కొలతల మీద ఆధారపడతాయి. నీలం ఎంత తగ్గింది, ఆకుపచ్చ ఎంత మిగిలింది అన్న నిష్పత్తే ఆ కొలతకు మూలం. నడి సముద్రంలో ఇది బాగా కుదురుతుంది. గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర మట్టి, కరిగిన సేంద్రియ పదార్థం కూడా నీలాన్ని మింగుతాయి. నాచు లేకున్నా ఉన్నట్టు లెక్క తప్పుతుంది. గోధుమ డయాటమ్‌లు, ఫైకోఎరిత్రిన్ ఉన్న ట్రైకోడెస్మియం అనే నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియా తెట్టెలు ఆ నిష్పత్తిని మరోలా కదిలిస్తాయి.

అందుకే సముద్ర రంగును కొలిచే పరికరాలు 680 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న సన్నని పట్టీని కూడా చూస్తాయి. తరగతి గదిలో టార్చి కింద మెరిసిన ఎరుపే అక్కడ వెతికేది. వెలుగును ముందు పట్టింది ఫ్యూకోజాంథిన్ కావచ్చు, ఫైకోఎరిత్రిన్ కావచ్చు. శక్తి దిగేది పత్రహరితం-ఏ దగ్గరికే కాబట్టి ఆ ఎర్ర మెరుపు గోధుమ నీటిలోనూ, ఎర్ర తెట్టులోనూ అదే చోట వస్తుంది. బురదకు ఆ మెరుపు ఉండదు.